పెద్దయ్యాక పాలు పడతాయా? మూడు వారాల్లో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

"అక్కా, నలభై దాటాక పాలు తాగొచ్చా?" వారానికి రెండుసార్లయినా ఎవరో ఒకరు అడుగుతారు. మొన్న మన విశాఖ ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో ఆకుకూరల దగ్గర ఒకావిడ, నిన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పై ఫ్లోర్ కుర్రాడు. సగంమంది 'పాలు విషం' అని వాట్సాప్‌లో వీడియో చూసినవాళ్ళు. మిగతా సగం, రాత్రి గ్లాసుడు పాలు తాగకపోతే ఎముకలు గుల్లయిపోతాయని చిన్నప్పట్నుంచీ విన్నవాళ్ళు. అందరికీ ఒకటే చెప్తున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా.

నా మట్టుకు పాలు మంచి తిండే, కానీ తప్పనిసరి తిండి కాదు. మీకు ఎన్ని పడతాయి, ఏ వేళప్పుడు పడతాయి, పాలుగా పడతాయా పెరుగుగా పడతాయా అన్నది వీడియోలు చెప్పలేవు. మీ పొట్టనే అడగాలి, అదీ ఒక పద్ధతి ప్రకారం: కొన్నాళ్ళు పాలు ఆపి, మళ్ళీ కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చూసే ఇంటి పరీక్ష, ఆరు మెట్లు.

నాకిది అనుకోకుండా తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడ్డాక కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు దొరికితే చెప్పిన రేటుకి కొనుక్కోవడమే. మా ఇంట్లో వారం పైనే పాలు లేవు. ఇల్లంతా అంత అల్లకల్లోలంగా ఉన్నా, రోజూ పొద్దున్నే నన్ను వేధించే కడుపు గడబిడ ఆ వారం ఊసే లేదు. పాలు మళ్ళీ వచ్చాయి, గడబిడా వచ్చింది. ఇంకేముంది, 'నాకు పాలు పడవు' అని తీర్మానించేసుకుని రెండేళ్ళు ముట్టుకోలేదు. ఆ తీర్మానం కూడా తప్పేనని తర్వాత తేలింది. ఎలాగో నాలుగో మెట్టులో చెప్తాను.

విషయం ఒక్క పేరాలో: పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. 200 మి.లీ. గ్లాసులో దాదాపు పది గ్రాములు. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పసితనంలో దాదాపు అందరి పేగుల్లోనూ దండిగా ఉండి, పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. వాయవ్య భారతంలో చాలామందికి అది పెద్దయ్యాకా నిలిచే ఉంటుంది, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ అలాంటివాళ్ళు తగ్గుతారు. మనం దక్షిణమూ తూర్పూ కూడా. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి వెళ్ళి సూక్ష్మజీవులకి విందవుతుంది. ఉబ్బరం, గ్యాసు, నీళ్ళ విరేచనం అక్కణ్ణుంచి వస్తాయి. అది జబ్బు కాదు. ఎంజైము తగ్గినవాళ్ళలో కూడా ఎక్కువమంది ఒక విడతకి పన్నెండు గ్రాముల వరకు, అంటే గ్లాసుడు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు.

ముందు, ఈ పరీక్ష ఎవరు చేయకూడదు

పాలు తాగగానే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చేవాళ్ళు. అది అలర్జీ. లాక్టోజ్‌తో సంబంధం లేదు, ఇంట్లో ప్రయోగాలకి పనికిరాదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉన్నవాళ్ళు. పాల మీద నెపం పెట్టి కూర్చోకుండా మన పెద్దాసుపత్రి కె.జి.హెచ్.కో, మీరు వెళ్ళే డాక్టరు దగ్గరికో వెళ్ళండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు. పాలలో భాస్వరం, పొటాషియం ఉంటాయి. ఎన్ని తాగాలో మీ డాక్టరే చెప్పాలి.

ఈ మధ్యే వాంతులు, విరేచనాలు అయినవాళ్ళు ఒక నెల ఆగండి. పేగు లోపలి పొర దెబ్బతింటే కొన్ని వారాలపాటు పాలు పడవు, తర్వాత మామూలైపోతుంది. ఇప్పుడు చేస్తే తప్పుడు జవాబే వస్తుంది.

కావాల్సినవి

ఒక చిన్న నోటుబుక్కు. కొలత తెలిసిన గ్లాసు (లేకపోతే అరలీటరు ప్యాకెట్టుని రెండున్నర భాగాలు చేస్తే ఒక్కో భాగం 200 మి.లీ.). మూడు వారాలూ ఒకే రకం పాల ప్యాకెట్టు. చివరి మెట్టుకి, దొరికితే, సూపర్‌మార్కెట్లో అట్టపెట్టెల్లో అమ్మే లాక్టోజ్ లేని పాలు ఒక లీటరు. ఇంట్లో మీకు సహకరించే మనిషి ఒకరు, కొంచెం కొంటెతనం ఉంటే మరీ మంచిది.

1. మీరు ఇప్పటికే ఎన్ని పాలు తాగుతున్నారో లెక్కపెట్టండి (మూడు రోజులు)

"నేను పాలే తాగను" అన్నవాళ్ళ చేత ఈ లెక్క రాయించి చూశాను. పొద్దున్న కాఫీ, పదకొండింటికి ఆఫీసు టీ, నాలుగింటికి ఇంకో టీ, రాత్రి పెరుగన్నం. కప్పుకి డెబ్బై, ఎనభై మి.లీ. పాలు వేసుకున్నా, టీ కాఫీల్లోనే 200 దాటిపోతుంది. స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసే మా తోడికోడలు తమ్ముడి లెక్క అరలీటరు తేలింది, అంతా టీయే. గ్లాసులో పోసుకుంటేనే పాలు అనుకోవడం మనకి అలవాటు.

కోవా స్వీట్లు, ఐస్‌క్రీము, పాలపొడి వేసిన బిస్కట్లు కూడా రాయండి. నెయ్యి రాయక్కర్లేదు, అందులో లాక్టోజ్ దాదాపు ఉండదు.

2. పాల రకం నిర్ణయించుకుని దానికే కట్టుబడండి

ప్యాకెట్టు రంగు చూసి కొనకండి, రంగులు కంపెనీని బట్టి మారతాయి. మీ ప్యాకెట్టు అక్కిరెడ్డిపాలెం విశాఖ డెయిరీదైనా, ఇంకొకరిదైనా, దాని మీద రాసిన మాట చదవండి. ఫుల్‌క్రీమ్ అంటే 6 శాతం వెన్న. స్టాండర్డైజ్డ్ 4.5. టోన్డ్ 3. డబుల్ టోన్డ్ 1.5. వెన్న తగ్గితే కాల్షియమూ మాంసకృత్తులూ తగ్గవు, లాక్టోజూ తగ్గదు. తగ్గేది ముఖ్యంగా కొవ్వే. గ్లాసుకి ఫుల్‌క్రీమ్‌లో పన్నెండు గ్రాములు, టోన్డ్‌లో ఆరు.

పరీక్షకి టోన్డ్ పాలు తీసుకోండి. చిక్కటి పాలు తాగి పొట్ట బరువెక్కితే, ఆ బరువు కొవ్వు వల్లో లాక్టోజ్ వల్లో తెలియదు.

పెందుర్తి వైపు నుంచో ఆనందపురం వైపు నుంచో గేదె పాలు పోయించుకునేవాళ్ళు ఈ మూడు వారాలూ ప్యాకెట్టుకి మారడం మేలు. విడిపాల చిక్కదనం రోజుకోలా ఉంటుంది. మారలేనంటే, పొంగు వచ్చాక ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుతూ మరగనివ్వండి. పచ్చిపాలు ఎంత నమ్మకమైన ఇంటివైనా తాగొద్దు, బ్రూసెల్లోసిస్, క్షయ లాంటివి వాటి ద్వారా రావచ్చు.

3. ఏడు రోజులు పూర్తిగా ఆపండి

కష్టమైన మెట్టు ఇదే. పాలు, పాలటీ, కాఫీ, ఐస్‌క్రీము, పాలస్వీట్లు అన్నీ బంద్. టీ మానలేనివాళ్ళు నిమ్మకాయ టీకో అల్లం డికాక్షన్‌కో మారండి. బీచ్ రోడ్డులో నడక అయ్యాక బండి దగ్గర టీ తాగే బృందం ఉంటే, వాళ్ళకి ముందే చెప్పేయండి. లేకపోతే మూడో రోజే 'ఒక్క సిప్పు' మొదలవుతుంది.

పెరుగు సంగతి? నిక్కచ్చిగా అయితే అదీ ఆపాలి. కానీ పెరుగన్నం లేకుండా భోజనం ముగించమంటే మనవాళ్ళలో చాలామంది పరీక్షే మానేస్తారని నాకు తెలుసు. పల్చటి మజ్జిగ ఒక గ్లాసు వరకు ఉంచుకోండి, రోజూ అదే కొలత, అదే పూట.

రోజూ రాత్రి మూడే రాయండి: ఉబ్బరం (సున్నా నుంచి మూడు మార్కులు), గ్యాసు (అలాగే), ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళారు. అంతకంటే ఎక్కువ రాయమంటే నాలుగో రోజుకి నోటుబుక్కు కనపడదు.

ఏడు రోజుల తర్వాత కూడా మీ పొట్ట ముందులాగే ఉందా? అయితే దోషం పాలది కాకపోవచ్చు. పప్పులు, ఉల్లి, గోధుమ, మానసిక ఒత్తిడి, ఇంకేదైనా కావచ్చు. పాలని వదిలేసి అది వెతకండి.

4. కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి (ఆరు రోజులు)

మొదటి రెండు రోజులు: 100 మి.లీ., టిఫిను తిన్న తర్వాత.
తర్వాతి రెండు రోజులు: 200 మి.లీ., టిఫిను తిన్న తర్వాత.
చివరి రెండు రోజులు: 200 మి.లీ., పరగడుపున.

చక్కెర, బలం పొడులు, బాదం పొడులు ఏవీ వద్దు. తాగాక ఆరు గంటలు గమనించండి. కొందరికి అరగంటలోనే తెలుస్తుంది, కొందరికి మధ్యాహ్నానికి. ఉబ్బరం రెండు మార్కులకి చేరినా, నీళ్ళ విరేచనం అయినా అక్కడ ఆగి, రెండు రోజులు విరామం ఇచ్చి, అంతకు ముందు పడిన కొలతకి వెనక్కి రండి.

నా తప్పు బయటపడింది ఇక్కడే. టిఫిను మీద 200 మి.లీ. తాగితే నాకేం కాలేదు. పరగడుపున తాగిన రోజు గంటలోపే పాత గడబిడ. హుద్‌హుద్‌కి ముందు నేను చేస్తున్నదల్లా, నడక నుంచి రాగానే ఖాళీ కడుపుతో పెద్ద స్టీలు గ్లాసుడు పాలు గటగటా తాగడం. తిండితో కలిస్తే పాలు పొట్టలోంచి మెల్లగా దిగుతాయి, ఉన్న కాస్త ఎంజైముకి పని చేసుకునే సమయం దొరుకుతుంది. రెండేళ్ళు నేను మానేయాల్సింది పాలని కాదు, పెద్ద గ్లాసుని.

5. పెరుగుతో విడిగా చూడండి (మూడు రోజులు)

పాలు ఆపి, రోజుకో కప్పు గట్టి పెరుగు, భోజనంలో. తోడు పెట్టినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడంలో పొట్టలోకి వెళ్ళాక కూడా సాయం చేస్తాయి. అందుకే పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. నీళ్ళు పిండేసిన పనీరులోనూ లాక్టోజ్ తక్కువే, అది నీళ్ళతో పోతుంది.

6. మనసు చెప్తోందా, పొట్ట చెప్తోందా? (నాలుగు రోజులు, ఇష్టమైతే)

పాలు పడవని గట్టిగా నమ్మినవాళ్ళకి పాలు చూస్తేనే పొట్ట ఉబ్బుతుంది. నిజం తేల్చడానికి ఇంట్లోవాళ్ళ సాయం తీసుకోండి. రెండు రోజులు మామూలు పాలు, రెండు రోజులు లాక్టోజ్ లేని పాలు, ఏ రోజు ఏవో మీకు చెప్పకుండా ఇవ్వాలి. వాళ్ళు విడిగా కాగితం మీద రాసుకుంటారు, మీరు మార్కులు వేస్తారు, నాలుగో రోజు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. లాక్టోజ్ లేని పాలు కొంచెం తియ్యగా ఉంటాయి, నాలిక పట్టేస్తుంది. అందుకని రెండింట్లోనూ చిటికెడు పసుపు, ఆ తీపి కప్పేలా మామూలు పాలలో అరచెంచా చక్కెర వేయమనండి.

మా ఆయనకి ఇలాగే ఇచ్చాను. కొంటెతనం ఆపుకోలేక నాలుగు రోజులూ లాక్టోజ్ లేని పాలే పోశాను. మూడు రోజులు "చూశావా, గ్యాసు" అన్నారు. కాగితం చూపించాక రెండు రోజులు మాట్లాడలేదు.

దీంతో కూడా తేలకపోతే పొట్ట డాక్టర్లు హైడ్రోజన్ శ్వాస పరీక్ష రాస్తారు. లాక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలుస్తారు.

జవాబు ఎలా చదవాలి

పరగడుపున 200 కూడా పడిందా? మీకు అడ్డేమీ లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార పళ్ళెం లెక్కలో పెద్దవాళ్ళకి రోజుకి 300 మి.లీ. పాలో పెరుగో ఉంది. టీలో వేసుకున్నవీ ఆ 300లోవే. ఒకటో మెట్టు లెక్కలోనే అది దాటుతుంటే రాత్రి గ్లాసు కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు.

తిండితోనే పడిందా? నాలాగే. విడతలుగా, టిఫినుతోనో భోజనంతోనో.

100 కూడా పడలేదా? పెరుగు పడితే దాంతో సరిపెట్టుకోండి. పాలు కావాల్సిందే అంటే లాక్టోజ్ లేని పాలు, లేదా మందులషాపులో దొరికే లాక్టేజ్ మాత్ర. అది పాల మొదటి గుక్కతోనే వేసుకోవాలి, ఇబ్బంది మొదలయ్యాక వేసుకుంటే దండగ.

ఏదీ పడకపోయినా, ఇష్టం లేకపోయినా కొంపలేం మునగవు. పెద్దవాళ్ళకి రోజుకి 1000 మి.గ్రా., నెలసరి ఆగిన ఆడవాళ్ళకి 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. గ్లాసు పాలలో వచ్చేది దాదాపు 240. అది వేరేచోట నుంచి తెచ్చుకోవాలి, అంతే. మన పక్కన దానికి కొదవ లేదు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే చోళ్ళు (రాగులు) యాభై గ్రాముల పిండిలో 180 దాకా ఉంటుంది. చోడి అంబలి తాగి పెరిగిన మన అమ్మమ్మల్ని ఎవరూ పాల గురించి అడగలేదు. నువ్వులు ఒక పెద్ద చెంచాకి వంద పైనే. మునగాకు ఉండనే ఉంది. నెత్తళ్ళు (చిన్న చేపలు) ముల్లుతో సహా నమిలి తింటే వాటి కాల్షియమంతా మీదే. ఎండువైతే ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు నానబెట్టి కడిగి వండుకోండి. ఇందులో ఏ ఒక్కటీ చాలదు, రోజుకి రెండు మూడు కలవాలి.

తరచూ చేసే తప్పులు

నీళ్ళు కలిపితే పడతాయనుకోవడం. గ్లాసు పాలని రెండు గ్లాసులు చేసి రెండూ తాగేస్తే లోపలికి వెళ్ళిన లాక్టోజ్ అంతే.

బాగా మరిగిస్తే పడతాయనుకోవడం. మరిగితే నీళ్ళు పోతాయి, లాక్టోజ్ చిక్కబడుతుంది.

ఆవుపాలకి మారితే, ఏ2 పేరుతో అమ్మే పాలకి మారితే సరిపోతుందనుకోవడం. ఆవుదైనా గేదెదైనా లాక్టోజ్‌లో పెద్ద తేడా లేదు, ధరలోనే ఉంది.

పరీక్ష రోజుల్లో సాయంత్రం ఆర్.కె. బీచ్‌కి వెళ్ళి మిరపకాయ బజ్జీలు, మురీ మిక్చరు తిని, రాత్రి ఉబ్బరానికి పొద్దుటి పాలని తిట్టడం. ఆ రోజు మార్కులు కొట్టేసి మళ్ళీ చేయండి.

పాడైన పాలని పాలు పడకపోవడంగా లెక్కేయడం. మన ఊళ్ళో ఇది చాలా ఉంది. తెల్లారగట్ల గేటుకి తగిలించిన ప్యాకెట్టు ఎనిమిదింటిదాకా ఆ ఉక్కలో వేలాడితే, పాశ్చరైజ్ చేసినవైనా పులియడం మొదలుపెడతాయి. ప్యాకెట్టు చేతికి చల్లగా తగలాలి. ఉబ్బి ఉంటే వాపసు ఇచ్చేయండి. ఒక పొంగు రానిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి.

ఎసిడిటీకి చల్లటి పాలు మందనుకోవడం. తాగిన కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. రాత్రి పాలు తాగి వెంటనే పడుకునేవాళ్ళకి గొంతులో మంట అందుకే. రెండు గంటలు ఎడం ఇవ్వండి.

చేపలకూర తిన్న రోజు పాలు తాగితే బొల్లి వస్తుందన్న భయం. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో దీన్ని ఇంతమంది ఎలా నమ్ముతారో నాకెప్పుడూ ఆశ్చర్యమే. బొల్లి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తన రంగు కణాల మీదే దాడి చేయడం వల్ల వచ్చేది, దానికీ చేపలకీ ముడి లేదు. వంజరం పులుసు తిన్న మర్నాడే పరీక్ష ఆపేసినవాళ్ళున్నారు, అందుకే రాస్తున్నా.

మాత్రల మీద పాలు. ఇది తప్పు మాత్రమే కాదు, నష్టం. థైరాయిడ్ మాత్ర నీళ్ళతోనే వేసుకుని, కనీసం గంట దాకా పాలకాఫీ ముట్టొద్దు. ఇనుము మాత్రకి రెండు గంటల ఎడం. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ని పాలతో మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు.

చక్కెర. చెంచాకి ఐదు గ్రాములు. రెండు చెంచాల చక్కెర, దాని మీద తీపి బలం పొడి కలిపి, షుగరు పెరిగిందని పాలని అనడం అన్యాయం. షుగరున్నవాళ్ళు పాలని కూడా పిండిపదార్థం లెక్కలోనే వేసుకోండి, గ్లాసుకి పది గ్రాములు.

మూడు నెలల తర్వాత సరిచూసుకోవడం

పాలు మొదలుపెట్టాక 'బలం వచ్చింది' అనిపించడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. రెండు చూడండి. ఒకటి, నడుం చుట్టుకొలత. ఉన్న తిండి తగ్గించకుండా పాలు కలిపితే పెరిగేది అదే. రెండు, కొలెస్టరాల్ ఉన్నవాళ్ళు ఫుల్‌క్రీమ్‌కి మారి ఉంటే రక్తపరీక్ష. ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్టరాల్ పెరిగితే టోన్డ్‌కో డబుల్ టోన్డ్‌కో దిగండి. ఎముకల గురించి దిగులున్న ఆడవాళ్ళు పాల గ్లాసులు పెంచే ముందు విటమిన్ డి చూపించుకోండి. ఇంత ఎండ కాసే ఊళ్ళో ఉండి, పొద్దున్నే బీచ్‌కి వెళ్ళి సూర్యుడు రాకముందే ఇంటికొచ్చే బ్యాచ్ మనది. డి లేకపోతే కాల్షియం పేగులోంచి సరిగా లోపలికి పోదు.

జవాబు శాశ్వతం కాదు. పెద్ద విరేచనాల జబ్బు చేసినా, యాంటీబయాటిక్స్ చాలా రోజులు వాడినా, నెల ఆగి నాలుగో మెట్టు మళ్ళీ చేయండి. పాత నోటుబుక్కు పారేయకండి, పోల్చి చూసుకోవడానికి మార్కులు కావాలి.